సార్వా కోతలకు ముందే ఇంటి కన్నాలు మూసుకోవాలి

మా గోదావరి డెల్టాలో ఇంటి ఎలుకల గురించి మాట్లాడాలంటే ముందు చేలోని ఎలుకల గురించి మాట్లాడాలి. సార్వా వరి పొట్టకు వచ్చే రోజుల్లో గట్లలో కలుగులు చేసుకున్న ఎలుకలు ఆ పంట బలంతోనే పిల్లలను పెడతాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో కోతలు పూర్తయి చేను బోడిగా మిగిలాక, అప్పటికి ఎదిగిన ఆ సంతానంలో కొంత భాగం తిండినీ చాటునూ వెతుక్కుంటూ గడ్డివాముల్లోకి, ధాన్యం కొట్లలోకి, ఊరి అంచున ఉన్న ఇళ్లలోకి చేరుతుంది. ఏప్రిల్‌లో దాళ్వా కోతలప్పుడు ఇదే వ్యవహారం రెండోసారి నడుస్తుంది. ఇళ్లలోనే పుట్టి పెరిగే చిట్టెలుకలు ఏడాది పొడవునా ఎలాగూ ఉంటాయి. వాటికి ఈ కొత్త బంధువులు తోడవుతారన్నమాట. మా ఇల్లు ఊరి చివర పంటబోదెను ఆనుకుని ఉన్న పాత పెంకుటిల్లు. దానికి వెనుక తరువాతి రోజుల్లో వేసిన డాబా వంటగది, ఆ వెనుక కొబ్బరిచెట్లు, ఓ పక్కన గడ్డివాము ఉన్నాయి. ఇటువంటి ఇంట్లో ఎలుకలు లేకుండా చేసుకోవడం సాధ్యమేనా అని అడిగేవారి కోసమే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎలుకల విషయంలో దారి మూయడం మొదటి పని, తిండి అందకుండా చేయడం రెండో పని, పట్టడమో చంపడమో మూడో పని. మనలో చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, వంటింట్లో ఎలుక కనిపించిన మర్నాడే కొట్టుకు వెళ్లి మందు తెచ్చి మూలమూలలా పెడతారు. రెండు ఎలుకలు చచ్చిపడితే పీడ విరగడైందనుకుంటారు, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వస్తారు. ఇంటి చిట్టెలుక చూలు మోసేది మూడు వారాలే. ఈతకు ఐదారు పిల్లలు పుడతాయి. ఆ పిల్లలు కూడా నెలన్నర, రెండు నెలలు తిరిగేలోగా ఈనడానికి సిద్ధమవుతాయి. వచ్చే దారి తెరిచే ఉంచి, తినడానికి గింజలు వదిలేసి, చంపడం ఒక్కదానితోనే ఈ లెక్కను గెలవాలనుకోవడం వృథా ప్రయాస.

దారి మూయాలన్నా ఏ జీవి కోసం మూస్తున్నామో తెలియాలి. ఇళ్ల చుట్టూ తిరిగేవన్నీ ఒక జాతివి కావు. చిట్టెలుక పదిహేను, ఇరవై గ్రాముల ప్రాణి. కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూసే రకం. గూటికి నాలుగైదు బారల దూరంలోనే దాని సంసారమంతా సాగిపోతుంది. అటక మీద, వాసాల మీద తిరిగే పెద్ద ఎలుక వేరు; దాని తోక ఒంటికన్నా పొడవు, తీగ మీద కూడా నడిచేంత నేర్పరి, కొత్త వస్తువంటే రోజుల తరబడి అనుమానిస్తుంది. నేలను తవ్వేది పందికొక్కు. అరుగుల కింద, ప్రహరీ పునాదుల కింద మట్టిని గుట్టలుగా బయటికి తోసేది అదే. ఇక గోడవారనే పరుగెడుతూ కీచుమని అరిచే, మూతి పొడవుగా ఉండే, దగ్గరికి వెళితే కంపు కొట్టే చుంచెలుక అసలు ఎలుకల కుటుంబానికే చెందదు. అది తినేది ఎక్కువగా బొద్దింకలను, పురుగులను. దాన్ని పట్టాలని బోనులో వేరుశనగ గింజ పెట్టి ఎదురుచూసేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఏది తిరుగుతోందో తేల్చుకోవడానికి ఖర్చులేని మార్గం ముగ్గుపిండి. రాత్రి వంట ముగిసి గిన్నెలు సర్దేశాక, పొయ్యిగట్టు కింద, గ్యాసు సిలిండరు వెనుక, తలుపు మూలన, గోడవారగా జల్లెడతో ముగ్గుపిండిని పలుచగా చల్లి పడుకోవాలి. పొద్దున్నే చీపురు పట్టేముందు టార్చిలైటును దాదాపు నేలకు ఆనించి పక్కనుంచి వేస్తే, పైనుంచి చూసినప్పుడు కనిపించని అడుగులు కూడా చిన్నచిన్న నీడలతో లేచి కనిపిస్తాయి. ఎలుక అయితే ముందుకాలికి నాలుగు వేళ్లు, వెనుకకాలికి ఐదు. చుంచెలుకకు నాలుగు కాళ్లకూ ఐదేసి. చిట్టెలుక వెనుకపాదం ముద్ర రెండు సెంటీమీటర్లకు మించదు, పెద్ద ఎలుకదైతే మూడు దాటుతుంది. అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ అడుగుల వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందన్నది. మా వంటింట్లో ఆ వరుస సింకు కింది గొట్టం దగ్గర మొదలై, గట్టు మొదట్లో గోడను ఆనుకుని నడిచి, బియ్యం డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ అదే గొట్టం దగ్గర మాయమైంది. వెతకవలసిన కన్నం ఎక్కడుందో అదే చెప్పేసింది.

పెంటికలు కూడా సాక్ష్యమే కాని వాటిని చూసి బెంబేలెత్తకూడదు. జీలకర్ర గింజలంతవి కనిపిస్తే చిట్టెలుక, సెంటీమీటరు దాటి ఉంటే పెద్ద ఎలుక. ఒక్క చిట్టెలుకే రోజుకు యాభైకి పైగా వేస్తుంది కనుక, అలమర నిండా పెంటికలు కనిపించినంత మాత్రాన ఇంట్లో ఎలుకల దండు దిగిందనుకోనక్కరలేదు. పాతవి ఎండి పొడిపొడిగా రాలతాయి, కొత్తవి మెత్తగా, నల్లగా మెరుస్తాయి. ఎలుకలు రోజూ నడిచే గోడ అంచుల్లోనూ కన్నాల మొదట్లోనూ ఒంటి జిడ్డు అంటుకుని నల్లని చార ఏర్పడుతుంది. ఆ చారను వేలితో రుద్దితే జారిపోతున్నదంటే ఆ దారి ఇంకా వాడుకలో ఉన్నట్టే.

ఇప్పుడు కన్నాల సంగతి. మామూలుగా రాసుకునే పెన్సిలు దూరే సందులోంచి చిట్టెలుక దూరగలదు. అంటే ఆరు, ఏడు మిల్లీమీటర్లు చాలు. తల పట్టే చోట ఒళ్లంతా పడుతుంది. ఎదిగిన పెద్ద ఎలుకకు దానికి రెండింతలు ఉంటే సరిపోతుంది. అందుకని ఒక పెన్సిలు, ఒక సుద్దముక్క పట్టుకుని పగటిపూట ఇంటి చుట్టూ బయటి నుంచి ఒకసారి తిరగాలి. పెన్సిలు దూరిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టాలి. చూడవలసినవి ముఖ్యంగా గొట్టాలూ తీగలూ గోడను దాటే చోట్లు: కుళాయి పైపు, సింకు నీళ్లు బయటికి పోయే గొట్టం, గ్యాసు పైపు, ఏసీ రాగి గొట్టం, మీటరు నుంచి వచ్చే కరెంటు తీగలు. వీటిని బిగించేటప్పుడు పనివాళ్లు గొట్టానికి కావలసిన దానికన్నా పెద్ద కన్నం కొట్టి, చుట్టూ మిగిలిన ఖాళీని అలాగే వదిలేసి వెళ్లిపోతారు. లోపలివైపు అందంగా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది కనుక మనకు అనుమానం రాదు. ఆ తరువాత చూడవలసినవి తలుపు అడుగుకూ గడపకూ మధ్య సందు, స్నానాలగది తూము, వెంటిలేటరు, చెదపట్టిన ద్వారబంధం మూలలు. చీకటి పడ్డాక లోపల దీపాలన్నీ ఆర్పి, ఒకరు బయటినుంచి గోడ పొడవునా టార్చి వేస్తూ నడిస్తే, లోపల నిలబడ్డవారికి పగలు కనిపించని సందులు కూడా వెలుగు గీతలుగా కనిపిస్తాయి.

మూయడానికి ఏది వాడతామన్నది మరీ ముఖ్యం. ఎలుక ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి కనుక అది ఏదో ఒకదాన్ని కొరుకుతూనే ఉంటుంది. గుడ్డపేలికలు, అట్టముక్కలు, థర్మకోల్, నురగలా ఉబ్బి గట్టిపడే ఫోమ్ వంటివి దాని పళ్లకు ఒక రాత్రి పనికూడా కావు. చెక్క, ప్లాస్టిక్ ఇంకొంచెం ఆలస్యం చేస్తాయి, అంతే. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో గట్టిగా కూరి, దాని మీద సిమెంటు, ఇసుక కలిపిన మాలు మెత్తితే అది నిలుస్తుంది. పీచును విడిగా వదిలేస్తే లాగిపారేయగలవు, మాలు ఒక్కటే పెడితే అది ఆరకముందే కొరికి దారి చేసుకోగలవు, రెండూ కలవాలి. ఈ పని పొద్దున్నే చేయించి, ఆ రాత్రికి పైన ఒక రేకుముక్కను అదిమి ఉంచితే మంచిది. పందికొక్కు తవ్విన కన్నాలకైతే మా వైపు మేస్త్రీలు గాజుపెంకులు కలిపిన కాంక్రీటు వేస్తారు. తవ్వబోయిన మూతికి గాజు తగిలితే అది వేరే చోటు చూసుకుంటుందని వాళ్ల నమ్మకం. మా అరుగు కింద వేయించిన దగ్గర అది మళ్లీ తవ్వలేదు. తలుపు అడుగున రేకు పట్టీ బిగించి సందును పెన్సిలు పట్టనంతకు తగ్గించాలి. తూములకూ వెంటిలేటర్లకూ ఆరు మిల్లీమీటర్లకన్నా చిన్న కన్నులున్న ఇనుప జాలీ కావాలి. దోమల కోసం వేసే నైలాను జాలీని ఎలుక లెక్కచేయదు.

పెంకుటింటి యజమానులకు ఒక మాట చెప్పాలి. పెంకులకూ గోడకూ మధ్య, వాసానికీ వాసానికీ మధ్య ఉన్న సందులన్నిటినీ మూయడం ఎవరితరమూ కాదు. మూశామనుకున్నా కోతి ఒకటి నాలుగు పెంకులు కదిపిపోతే మళ్లీ మొదలు. అటువంటి ఇంట్లో ఇల్లంతా కట్టడి చేయాలని ప్రయాసపడకుండా వంటగదినీ ధాన్యం గదినీ మాత్రం పూర్తిగా మూసిపెట్టి, మిగిలిన ఇంట్లో తిండి అన్నది లేకుండా చూసుకోవడం తెలివైన పని. అటక మీద పాత పరుపులు, దూది, పుస్తకాలు, పెళ్లి శుభలేఖల కట్టలు పేర్చి ఉంచితే మాత్రం గూడు కట్టుకోవడానికి సామాను మనమే సరఫరా చేసినట్టు అవుతుంది.

తిండి విషయంలో కొత్తగా చెప్పేదేముంది అనిపించవచ్చు. బియ్యం బస్తాలో కాకుండా స్టీలు డ్రమ్ములో పోయాలని, పప్పులను మూత గట్టిగా పట్టే డబ్బాల్లో ఉంచాలని అందరికీ తెలుసు. మనకు తట్టనివి వేరే ఉన్నాయి. దేవుడి గదిలో నూనెలో నానిన వత్తులు, నైవేద్యం పెట్టి వదిలేసిన బెల్లంముక్క, స్నానాలగదిలో సబ్బు, పెరట్లో కోళ్లకు చల్లిన నూకలు, కుక్క సగం తిని వదిలిన అన్నం, వచ్చే పంటకని మూటగట్టి ఉంచిన కంది, మినుము విత్తనాలు. ఇవన్నీ ఎలుక తిండే. చిట్టెలుకకు రోజుకు మూడు గ్రాముల తిండి చాలు, నీళ్లు దొరకకపోయినా గింజలోని తేమతోనే నెట్టుకొస్తుంది; పొయ్యి కింద తుడవకుండా మిగిలిపోయిన తాలింపు గింజలు దాని పూటకు సరిపోతాయి. పెద్ద ఎలుకకు మాత్రం రోజూ నీళ్లు కావాలి. కారే కుళాయిని బాగుచేయిస్తే సగం బలం తగ్గుతుంది. మా తాతగారి రోజుల్లో వడ్లు గాదెల్లోనూ పురుల్లోనూ ఉండేవి. గాదెను నేలకు ఎత్తుగా దిమ్మెల మీద నిలబెట్టడం, తినేవాటిని ఉట్టి మీద పెట్టడం పిల్లితోపాటు ఎలుకనూ దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాట్లే.

దారులు మూసి, తిండి దాచిన తరువాతే బోను పని మొదలుపెట్టాలి. అప్పుడు లోపల చిక్కుకుపోయినవి ఆకలితో ఉంటాయి, పెట్టిన ఎరను ముట్టుకుంటాయి. నా ఓటు చెక్క మీద స్ప్రింగు బిగించి ఉండే పాతరకం బోనుకు. ఎలుక క్షణంలో పోతుంది, మందు భయం లేదు, కళేబరం కళ్లముందే ఉంటుంది. దీన్ని గది మధ్యలో పెట్టకూడదు. ఎలుక గోడను మీసాలతో తడుముకుంటూ నడుస్తుంది కనుక బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడను తాకేలా అమర్చాలి. ఎరగా ఎండుకొబ్బరి ముక్క, వేయించిన వేరుశనగ, ఎండుచేప తల, మిగిలిపోయిన ఉల్లి పకోడీ, ఏదైనా పనికివస్తుంది; కాని దాన్ని దారంతో గట్టిగా కట్టాలి, లేకపోతే తినేసి తాపీగా వెళ్లిపోతుంది. చిట్టెలుక తిరిగే ప్రాంతం చిన్నది కనుక ఒక్క బోనుతో వారాల తరబడి కాపలా కాసేకన్నా అడుగులు పడిన చోటల్లా ఒకేసారి నాలుగైదు పెడితే రెండు, మూడు రాత్రుల్లో తేలిపోతుంది. పెద్ద ఎలుకకైతే ముందు కొన్నాళ్లు బోనును బిగించకుండా ఎర మాత్రం పెట్టి, అది నిర్భయంగా తినడం అలవాటయ్యాక బిగించాలి.

చంపడానికి మనసొప్పనివారు తీగల బోను వాడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే పట్టిన ఎలుకను సంచిలో పెట్టుకుని వెళ్లి పక్కవీధి మొగలో వదిలి రావడం మాత్రం పరిష్కారం కాదు. మా వీధివాళ్లు ఆ వీధిలో, ఆ వీధివాళ్లు మా వీధిలో వదులుతున్నారని నాకు గట్టి అనుమానం.

ఇక మందులు. మా నాయనమ్మ ఎలుకల మందు కలిపే సాయంత్రం ఇంట్లో ఎవరినీ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. "గట్టిగా అనకండర్రా, వింటాయి" అనేది. పిల్లలం నవ్వుకునేవాళ్లం గాని, ఆ నమ్మకం వెనుక పెద్దలు కళ్లారా చూసిన నిజం ఉంది. ఆ కాలంలో వాడిన మందు జింకు ఫాస్ఫైడు అనే నల్లని పొడి. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తుంది. కాస్త రుచిచూసి వదిలిన ఎలుకకు గంటల్లోనే కడుపులో తేడా చేస్తుంది, కాని చావదు. తిన్నదానికీ బాధకూ ఉన్న సంబంధం దానికి అర్థమై, మళ్లీ చాలాకాలం ఆ ఎర జోలికి పోదు. చూసేవారికి అది మన మాటలు విన్నట్టే ఉంటుంది. అందుకే పొలాల్లో జింకు ఫాస్ఫైడు వాడేటప్పుడు ముందు ఒకటి, రెండు రోజులు మందు లేకుండా నూకలు, నూనె మాత్రమే కలిపి పెట్టి మరిపించాలని వ్యవసాయాధికారులు చెబుతారు. ఈ మందును ఇంట్లోకి తేనే కూడదని నా అభిప్రాయం.

ఈ చిక్కును తప్పించినవి రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందులు. వీటి పుట్టుక విచిత్రమైనది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన తీపి క్లోవరు గడ్డిని మేసిన పశువులు చిన్నపాటి గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం వేరుచేసింది. ఆ పరిశోధన నుంచే వార్‌ఫరిన్ తయారై 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చింది, కొన్నేళ్లకే గుండెజబ్బుల మందుగా మనుషులకూ పనికివచ్చింది. దానికి లొంగని ఎలుకలు పుట్టుకురావడంతో తరువాతి తరం మందులు వచ్చాయి. మన దగ్గర బిళ్లలుగా దొరికే బ్రోమాడయొలోన్ వాటిలో ఒకటి; ఆ బిళ్లలో మందు పాలు 0.005 శాతమే. తిన్న ఎలుక కొన్ని రోజుల తరువాత గాని చావదు కనుక ఎరను అనుమానించదు. ఆ ఆలస్యమే మనకు ఇబ్బంది కూడా: అది అటక మీదో, గోడ సందులోనో, ఫ్రిజ్ వెనుకో చచ్చి వారం పదిరోజులు ఇల్లంతా కంపు కొడుతుంది. మందు తిన్న ఎలుకను తిన్న పిల్లికీ గుడ్లగూబకూ కూడా ఆ విషం ఎక్కుతుంది. తప్పనిసరై వాడితే ఇంటి బయట, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని మూతపెట్టెలో పెట్టి వాడాలి. పొరపాటున ఎవరైనా తింటే దీనికి విరుగుడుగా వైద్యులు విటమిన్ కె1 ఇస్తారు. ఆ అట్టపెట్టెను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

ట్యూబుల్లో అమ్మే పచ్చభాస్వరం పేస్టు గురించి మాత్రం కటువుగానే చెబుతాను: చిన్నపిల్లలున్న ఇంటి గడప దాటి అది లోపలికి రాకూడదు. చూడటానికి పళ్లపేస్టులా ఉంటుంది. దానికి విరుగుడు లేదు. మింగినవారు ఒకటి, రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తరువాత కాలేయం దెబ్బతిని ప్రమాదంలో పడతారు. కనుక కొంచెమే నోట్లోకి పోయినా, మనిషి బాగానే ఉన్నా, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లవలసిందే.

మిగిలిన ఉపాయాలను త్వరగా ముగిస్తాను. జిగురు అట్టకు అతుక్కున్న ఎలుక గంటల తరబడి కొట్టుకుంటూ, భయంతో మలమూత్రాలు వదులుతూ చస్తుంది. జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని వాడవద్దని సూచించింది. పక్కన స్ప్రింగు బోను ఉండగా ఈ హింస దేనికో నాకు బోధపడదు. ప్లగ్గులో పెడితే మనకు వినపడని శబ్దం చేసి ఎలుకలను తరుముతుందనే యంత్రాల విషయంలో, రుజువు లేకుండా అలా ప్రకటనలు ఇవ్వవద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే తయారీదారులను హెచ్చరించింది. ఎలుకలు ఆ శబ్దానికి త్వరలోనే అలవాటుపడతాయి. కలరా ఉండలు, పుదీనా నూనె గుడ్డపేలికల వాసన ఉన్నంతసేపే. పిల్లి సంగతి దాని చిత్తం. మా పిల్లి పాలు తాగి గడ్డివాము మీద పడుకుంటుంది, బుద్ధి పుట్టినప్పుడు ఒక ఎలుకను పట్టి వాకిట్లో ప్రదర్శనకు పెడుతుంది.

ఇంటి బయట చేయవలసినవి చాలానే ఉన్నాయి, వాటిలో కలుగులది మొదటి స్థానం. కనిపించిన కలుగులన్నిటిలో ఎలుకలు ఉండవు. సాయంత్రం అన్నిటినీ తడిమట్టితో మూసేసి పొద్దున్నే చూస్తే, తిరిగి తెరుచుకున్నవే జనం ఉన్న ఇళ్లు. పని వాటి దగ్గరే. పొలాల్లో దీన్నే పద్ధతిగా చేస్తారు. మా వైపు చేలల్లో బుట్టలు పెట్టి ఎలుకలను పట్టేవారు ఉన్నారు. కలుగులో పొగపెట్టి, రెండో ద్వారం దగ్గర కాపుకాసి పట్టడంలో యానాదుల నేర్పు చూసి తీరవలసింది. ఒక్కరి చేలో పడితే పక్క చేలోవి వచ్చి ఆ కలుగుల్లో చేరతాయి కనుక ఊరంతా ఒకేసారి చేయాలని వ్యవసాయశాఖ సామూహిక నిర్మూలన పెడుతుంది. గోడలు కలిసిన ఇళ్లకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. పక్కింటివారితో మాట్లాడుకోకుండా ఒక్కరే ఎంత చేసినా అరకొరే.

కొబ్బరిచెట్టు కింద పిందెలు రాలి, వాటి తొడిమ దగ్గర గుండ్రని కన్నం కనిపిస్తే ఎలుకలు మొవ్వులోనే కాపురం పెట్టాయని అర్థం. మనిషి ఎత్తులో మాను చుట్టూ అడుగున్నర వెడల్పు రేకును నున్నగా చుట్టి మేకులు కొడితే అవి పైకి పాకలేవు. అయితే పక్కచెట్టు మట్టలు దీని మట్టలతో కలిసి ఉంటే రేకు దండగే, ఒక చెట్టు మీదినుంచి ఇంకో చెట్టుకు దాటేస్తాయి. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలనూ మట్టలనూ నరికించడం కూడా అందుకే. గడ్డివామును ఇంటి గోడకు ఆనించి వేయకూడదు; చుట్టూ మనిషి తిరిగేంత జాగా ఉంచి, అడుగున రాళ్లు, దుంగలు పరిచి దాని మీద వేస్తే కింద ఏం జరుగుతున్నదో కనిపిస్తుంది. ఎలుక ఉన్నచోటికి దాన్ని వెతుక్కుంటూ నాగుపాము వస్తుంది. మా డెల్టాలో ఎలుకలను అదుపు చేయడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కరలేదు. జెర్రిపోతుకు మాత్రం విషం లేదు, అది మన తరఫున వేటాడేదే. కనిపించిన వెంటనే కర్ర తీసుకోవడం మానాలి. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టమని దాన్ని రాళ్లు పెట్టి తరిమేవారు, రాత్రికి అది ఎన్ని ఎలుకలను ఎత్తుకుపోతుందో ఒకసారి గమనించాలి.

హైదరాబాదులో అపార్టుమెంటులో ఉండే మా తమ్ముడికి కొబ్బరిచెట్లూ గడ్డివాములూ లేవు గాని కారు ఉంది. రాత్రి ఇంజను వెచ్చగా ఉండటంతో ఎలుకలు అందులోకి చేరి తీగలు కొరుకుతున్నాయి. సెల్లారులో చెత్తడబ్బాలకు దూరంగా, వెలుతురు పడేచోట కారును నిలపడం, రోజుల తరబడి కదపకుండా వదలకపోవడం, కారులో తినేవి ఏమీ ఉంచకపోవడం తప్ప దీనికి మంత్రమేదీ లేదు.

ఎలుకలు పోయాక అలమరలను శుభ్రం చేసేటప్పుడు పొడి చీపురుతో ఊడవకూడదు, దుమ్ముతోపాటు ఎండిన పెంటికల పొడి ఊపిరిలోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, ఆ తరువాత తడిగుడ్డతో తీసేయాలి. చచ్చిన ఎలుకనూ ఒట్టి చేత్తో ముట్టుకోకుండా సంచిని చేతికి తొడుక్కుని అందుకుని, లోతుగా పాతిపెట్టాలి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు, బురద కాలిపగుళ్లకూ చిన్న గాయాలకూ తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే ఎలుకజ్వరం వస్తుంది. వానాకాలంలో చేలో దిగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, ఆపైన పచ్చకామెర్ల లక్షణాలు కనిపిస్తాయి. తొలినాళ్లలో గుర్తిస్తే మందులతో తగ్గే జబ్బే కనుక, అటువంటి జ్వరంతో వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఎలుకలు తిరిగిన గది శుభ్రం చేశామనో, చేలో నీళ్లలో నడిచామనో ఆయన అడగకముందే మనమే చెప్పాలి.